ఏడో ఏటి పుట్టువెంట్రుకలు

జూలై 9, బుధవారం

కొలతల పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి రాస్తున్నాను. ముందువైపంతా పత్తికొండ ఆడవాళ్ల జాకెట్ల కొలతలు. వెనక ఏం రాసినా ఎవరు చూస్తారు? అత్తకు చదువు రాదు. ఆయనకు వచ్చు, కానీ చూడడు. నా వస్తువేదీ ముట్టి చూసి నాలుగేళ్లయింది ఆయన.

ఈరోజు శివానిని ఆసుపత్రికి తీసుకెళ్లాను. తలలో పుండ్లు తగ్గడం లేదు. డాక్టరమ్మ జడ ఎత్తి చూసి మొహం అదోలా పెట్టింది. నాకు ఒళ్లు మండింది. రోజూ నూనె పెట్టి దువ్వే తల అది. "ఇంత జుట్టు కింద మందు ఎలా అంటుతుందమ్మా? పొట్టిగా కత్తిరించెయ్యండి. నెల రోజుల్లో మానిపోతాయి" అంది. ఇవి పుట్టువెంట్రుకలు మేడం అన్నాను. "ఇంత పెద్ద పిల్లకా?" అని నవ్వింది.

అవును, ఇంత పెద్ద పిల్లకే. కడుపులోంచి తెచ్చుకున్న వెంట్రుకలు. నడుము దాకా వచ్చాయి, ఇంతవరకు కత్తెర తగల్లేదు. ఉరుకుంద ఈరన్నకు మొక్కినవి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాకే మంగలి చెయ్యి పడాలి. అదీ మూడో ఏట, లేదంటే ఐదో ఏట, లేదంటే ఏడో ఏట. సెప్టెంబరు వస్తే దానికి ఎనిమిదో ఏడు పడుతుంది. అంతకుముందే శ్రావణం ఉంది, ఈరన్న తిరునాళ్ల ఉంది. మా అన్న వస్తాడు. ఇదంతా ఆమెకు ఎక్కడ విడమరిచి చెప్పేది? తలూపి మందు చీటీ తీసుకుని వచ్చేశాను.

జూలై 11

అన్న ఫోన్ ఎత్తలేదు. టిప్పర్ మీద ఉంటాడు.

జూలై 14, సోమవారం

అత్త పొద్దున్నే మొదలుపెట్టింది.

"మే జ్యోతీ, ఆ పిల్లకు మీ హనుమన్నను కూసోబెట్టి తీపిచ్చేస్తే పోతాది కదా. మీ పెదనాయన కొడుకే కదా ఆయప్ప. వరసకు మేనమామే."

"సొంత మేనమామ ఉండంగ వరస మామ యాల?"

"ఉండాడులే. మూడో ఏట రాల్యా, ఐదో ఏట రాల్యా. ఈసారి వస్తాడని ఈరన్న వచ్చి నీ చెవిలో చెప్పినాడా?"

నేను మిషన్ గట్టిగా తొక్కాను, ఆమె మాట వినపడకుండా. దారం తెగింది. ఆ జాకెట్ మోచేతి దగ్గర రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది.

హనుమన్న మంచివాడే. పిలిస్తే చాలు, కొత్త పంచె కట్టుకుని వచ్చి కూర్చుంటాడు. కానీ హనుమన్న ఒడిలో కూర్చోబెడితే మా అన్న ఈరేష్ నాకేమీ కాడని నేనే ఊరికంతా చాటినట్టు. ఆ వెంట్రుకలు ఉన్నన్నాళ్లూ అన్న ఒకరోజు రావాల్సి ఉంటుంది. రావాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. అంతే నాకు కావలసింది.

పిల్ల గోక్కుంటూనే ఉంది.

జూలై 17, గురువారం

రాయకూడదనుకున్నాను. కానీ రాయనంత మాత్రాన జరగకుండా పోదు కదా. ఒకసారి రాసేస్తాను.

అన్న ముందు ఈ ఊళ్లోనే టమోటా మార్కెట్‌లో ఆటో తోలేవాడు. ఇప్పుడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పర్ తోలుతున్నాడు. వదినను తీసుకుని పోయి నాలుగేళ్లయింది. వాళ్లకు ఒక్కడే కొడుకు, మా నాయన పేరు పెట్టుకున్నారు, చిన్న ఈరన్న అని. మేమంతా చిన్నోడు అనేవాళ్లం. శివాని కంటే నాలుగు నెలలు చిన్న. ఇద్దరికీ ఆ శ్రావణంలో ఒకే రోజు వెంట్రుకలు తీయించాలని మాట.

అన్నావదినలు ఆదోనికి పెళ్లికి పోతూ వాణ్ని నా దగ్గర వదిలిపోయారు. వాడు మా నీళ్ల సంపులో పడ్డాడు. రెండేళ్లు దాటి ఎన్నో నెలలు కాలేదు. పుట్టువెంట్రుకలతోనే పూడ్చిపెట్టారు.

సంపు మీద కడప బండ మూసే ఉంది. వాడే జరుపుకున్నాడు. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను.

జూలై 20, ఆదివారం

తలంటి పోసి, మెట్టు మీద కూర్చుని దానికి చిక్కు తీశాను. పుండ్లు తగలకుండా పాయలు విడదీయడానికి గంట పట్టింది. చిక్కు తీస్తుంటే అది నిలవదు, అటూ ఇటూ తిరుగుతుంది. తల నిలుపు, తల నిలుపు అని అరవాల్సిందే. చిన్నప్పటి నుంచీ అంతే.

బడిలో పిల్లలు దగ్గర కూర్చోరట, వాసనొస్తుందని. టీచరు వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టిందట. ఆ సంగతి ఏడవకుండా చెప్పింది, అదేదో మామూలే అన్నట్టు. రేపు పోయి ఆ టీచరును కడిగేద్దామనుకున్నాను. పోతే ఆవిడ అడిగే మొదటి మాట, కత్తిరించొచ్చు కదమ్మా అని. అందుకని పోలేదు.

"అమా, మామ ఒళ్లో నేను పడతానా? పెద్దదాన్నయినాను కదా" అంది.

"పడతావులే. మామ ఒడి పెద్దది."

"మామ ఎట్ల ఉంటాడు?"

నా మాదిరే ఉంటాడని చెప్పాను. కొంచెంసేపు నా మొహం చూసింది, మీసాలు పెట్టి చూసుకుంటుందేమో మనసులో.

జూలై 23, బుధవారం

ఈరోజు కొళాయి వచ్చింది, ఆరు రోజులకు. సంపుకు ఇప్పుడు ఇనుప మూత, దానికి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. నీళ్లు వచ్చినప్పుడు ఆయనే తీస్తాడు, నిండేదాకా పక్కనే కూర్చుంటాడు, ఆయనే వేస్తాడు. మార్కెట్‌కు ఆలస్యమైనా సరే.

పాత కడప బండ పెరట్లో బట్టలుతకడానికి వేసుకున్నాం. ఈరోజు సబ్బు ముక్క దాని కిందికి జారిపోతే ఒక పక్క జరపబోయాను. కదల్లేదు. రెండు చేతులా పట్టి లాగినా కదల్లేదు. నాలుగేళ్లు ఎండకూ వానకూ ఉంది, మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. అప్పుడు ఇంత బరువు లేదు.

జూలై 25

శ్రావణం వచ్చింది.

జూలై 27, ఆదివారం

అన్న ఫోన్ చేశాడు. తనంతట తానే చేశాడు. మిషన్ ఆపి, పెరట్లోకి పోయి మాట్లాడాను.

"పాపకు తల బాగల్యాదంట. మనమ్మ చెప్పింది. ఎట్ల ఉండాది?"

"తల నిండా పుండ్లన్నా. జుట్టు తీస్తేగాని మానవంట. నువ్వొస్తే..."

"వస్తా. పాప మీద నాకేం కోపం? నా బిడ్డ లెక్కనే." వెనక లారీల మోత వినిపించింది. మోత తగ్గేదాకా ఆగి, "ఒక్క మాట అడుగుతా జ్యోతీ. ఆ పొద్దు బండ ఎవురు తీసినారు?" అన్నాడు.

నాలుగేళ్ల నుంచి నోట్లో తయారుగా ఉన్న మాటే వచ్చింది. "మూసే ఉండె అన్నా. చిన్నోడే జరిపినాడు."

"రెండేండ్ల పిల్లోడు. కడప బండ."

"పిల్లోళ్లకు ఒక్కోసారి యాడలేని బలమొస్తాది."

అన్న గొంతు తగ్గించాడు.

"నిన్ను నేనేం చేయను. తిట్టను కూడా తిట్టను. ఎట్ల జరిగిందో నాకు తెలియాల, అంతే. మీ వదిన ఇప్పుటికీ అడుగుతాది, బిడ్డ ఎంతసేపు నీళ్లలో ఉండాడు, పిలిచినాడా, ఎవురూ పక్కన ల్యారా అని. చెప్పేదానికి నా దగ్గర ఏం ల్యాదు. ఆలోచన చేసుకో. వస్తాలే."

రానని అనలేదు. వస్తా అని రెండుసార్లు అన్నాడు.

ఆయనకు చెప్పాను, అన్న వస్తానన్నాడని. ఇంకేమన్నాడు అని అడిగాడు. పాపను అడిగాడన్నాను.

ఆగస్టు 4, సోమవారం

నిన్నటి నుంచి జ్వరం. చెవుల వెనక, మెడ మీద బిళ్లలు కట్టాయి. దిండు గలీబుకు చీము అంటింది. ఉతికి ఆరేశాను. పిల్ల తల ఎటు పెట్టినా నొప్పి అంటోంది. బోర్లా పడుకుని గడ్డం కింద చేతులు పెట్టుకుని నిద్రపోతోంది.

ఆయన మార్కెట్‌కు పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం నా మిషన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బట్టలు కోసే కత్తెర తీసి బల్ల మీద నా ముందర పెట్టాడు.

"కత్తిరించు. మీ అన్న రాడు."

"వస్తానన్నాడు."

"నువ్వు చెప్తే వస్తాడు. నువ్వు చెప్పవు."

"నేనేం చెప్పాల?"

"ఆ పొద్దు మూసినాకే పోతా అంటి కదా. నువ్వు..."

అప్పుడే శివాని నీళ్లు కావాలని లేచింది. ఆయన మిగతా మాట మింగేసి చెంబు తీసుకుని పోయాడు. నాలుగేళ్లలో ఆ సంగతి ఆయన ఎత్తడం ఇదే మొదటిసారి. నేను కత్తెర తీసి పెట్టెలో పెట్టాను. గుడ్డ తప్ప మరోటి కోస్తే దాని పదును పోతుంది.

ఆయన ఏదో పొరబడ్డాడు. అంత తొందరలో పోయిన మనిషికి ఏం గుర్తుంటుంది?

ఆగస్టు 9, శనివారం

వదిన ఫోన్. నాలుగేళ్ల తర్వాత ఆమె గొంతు. బాగుండావా అని కూడా అడగలేదు. "ఆయన ఇరవై ఒకటో తేదీ గురువారం ఉరుకుందకు వస్తాడు. పాపను పిల్చుకోని రా" అంది, పెట్టేసింది.

అత్తకు చెప్పాను, ఇప్పుడేమంటావు అని. నాకు కొంచెం గర్వంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి.

ఇంకా పన్నెండు రోజులు. పిల్ల తట్టుకుంటుంది. మాత్రలు వేస్తే జ్వరం దిగుతోంది.

ఆగస్టు 12

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ఇంకా ఎందుకు ఉంచారు అని గట్టిగా అడిగింది. గురువారం తీయిస్తున్నామని చెప్పాను. ఏ గురువారమో చెప్పలేదు.

ఆగస్టు 15

జెండా పండుగకు బడికి పోలేదు. చాక్లెట్ ఎవరైనా తెస్తారేమోనని గడపలో కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుని లోపలికి వచ్చి పడుకుంది.

ఆగస్టు 21, గురువారం. ఉరుకుంద నుంచి వచ్చాక

వరసగా రాస్తాను.

మొదటి బస్సుకే ఆదోనికి పోయి, అక్కడి నుంచి ఉరుకుంద. శివాని ఆయన భుజం మీదే ఉంది దారంతా. అత్త టవల్‌లో పసుపూ కుంకుమా టెంకాయ కట్టుకొచ్చింది. కిక్కిరిసిన జనం. వెంట్రుకలిచ్చే చోట తడి, వెంట్రుకలు, సబ్బు వాసన, ఏడుస్తున్న పసిపిల్లలు. పిల్లలంతా నా బిడ్డలో సగం కూడా లేరు. అందరూ మావైపే చూస్తున్నారనిపించింది.

అన్న అక్కడున్నాడు. వేపచెట్టు నీడలో చాప పరిచి, ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా. తల సగం నెరిసింది, నాకంటే నాలుగేళ్లే పెద్ద. పక్కన సంచిలో శివానికి కొత్త గౌను. వచ్చాడు. వచ్చాడు కదా. నాలుగేళ్లుగా నేను అనుకుంటున్నదే నిజమైంది.

శివానిని దగ్గరికి పిలిచాడు. జడ చేతిలోకి తీసుకుని చూశాడు. పుండ్లు చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఇంతదాకా యాల ఉంచినావు జ్యోతీ?"

"నీ కోసమే అన్నా."

"నా కోసం అనొద్దు." మంగలికి కొంచెం ఆగప్పా అని చెయ్యి చూపించాడు. లేచి నన్ను నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లాడు. గుడి గోపురం మాకు ఎదురుగా ఉంది.

"ఈడ చెప్పు. ఇంగ యాడా అడగను. చెప్పు, పాపను ఒళ్లో పెట్టుకుంటా, మొక్కు తీరుస్తా, వదినను పిల్చుకోని మీ ఇంటికొచ్చి అన్నం తింటా. బండ ఎవురు తీసినారు? నువ్వు యాడుంటివి?"

నోరు తెరిచాను. చెబుదామనే తెరిచాను, ఈ పుస్తకంలో అబద్ధమెందుకు. అన్న నా కళ్లలోకే చూస్తున్నాడు. చిన్నప్పుడు నేను పలక పగలగొట్టుకుని వస్తే నాయనకు తెలియకుండా తన పలక నాకిచ్చినప్పుడు కూడా ఇట్లాగే చూశాడు. చెప్పాక ఆ కళ్లు నన్ను ఎట్లా చూస్తాయో నాకు కనపడింది. అంతే.

"మూసే ఉండె అన్నా" అన్నాను.

అన్న తల ఊపాడు. కోపం కూడా రాలేదు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. చాప దగ్గరికి పోయి గౌను తీసి శివాని చేతిలో పెట్టాడు. "బాగా చదువుకో పాపా" అని దాని బుగ్గ తాకి, జనంలోకి వెళ్లిపోయాడు. తెల్ల చొక్కా కొంతదూరం కనపడింది.

అత్త గుండెలు బాదుకుంది. హనుమన్నకు ఫోన్ చెయ్యమని ఆయన్ను పట్టుకుంది. ఆయన చాప మడిచి ఎవరిదో అడుగుతూ తిరిగాడు. ఎవరిదీ కాదు, అన్న తెచ్చుకున్నదే. వెనక్కి బస్సులో అది మా కాళ్ల దగ్గరే ఉంది.

"అమా, మామ యాటికి పోయినాడు? మర్చిపోయినాడా కత్తిరించేది?" అని శివాని.

పని ఉందని చెప్పాను.

ఆగస్టు 22

జ్వరం నూట మూడు. సూది వేశారు. చెవి వెనక పుండు కోసి చీము తీశారు. నేను బయటే నిలబడ్డాను. ఆయన పట్టుకున్నాడు.

ఆగస్టు 24, ఆదివారం

నిన్న అమావాస్యతో శ్రావణం అయిపోయింది.

పొద్దున పెట్టెలోంచి కత్తెర తీశాను. ఎవరికీ చెప్పలేదు. ఆయన మార్కెట్‌కు పోయాడు, అత్త నిద్రపోతోంది. శివానిని మెట్టు మీద నా మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, భుజాల మీద పాత చీర ముక్క కప్పాను. జ్వరం లేదు ఈరోజు. ఒళ్లు చల్లగా, తేలిగ్గా ఉంది.

మొదటి కత్తెర వెయ్యడానికి చెయ్యి రాలేదు. వేశాక ఇంకేమీ అనిపించలేదు. గుడ్డ కోసినట్టే కోశాను. మూడో కత్తెరదాకా లెక్కపెట్టాను, తర్వాత మానేశాను. పాయలు నా ఒడిలో పడుతున్నాయి, చిన్నప్పటి ఎర్రటి కొసలతో.

సగం అయ్యాక శివాని తల పక్కకు తిప్పింది. "అమా, సంపు మీద పిల్లి" అంది.

నేను దాని తల రెండు చేతులా పట్టి ముందుకు తిప్పాను. "తల నిలుపు" అన్నాను.

చెయ్యి ఆగిపోయింది.

ఇక రాస్తాను. ఇక దాచి ఎవరి కోసం?

ఆ పొద్దు ఆయనా నేనూ ఇద్దరం పట్టి బండ జరిపాం. ఒక్కరి వల్ల కాదు అది. ఎప్పుడూ కాలేదు. కొళాయి పైపు సంపులోకి వేశాం. నిండి, మూశాకే పోతా అని ఆయనన్నాడు. టమోటా లారీ వచ్చే వేళయింది, పో, పక్కింటామెను పిలిచి నేను మూయిస్తాలే అన్నాను. ఆయన పోయాడు. పిలుద్దాంలే అనుకున్నాను. శివానికి తలంటి పోశాను కదా, ఆరేలోగా చిక్కు తీద్దామని ఈ మెట్టు మీదే కూర్చున్నాను. సంపు పక్కకు ఉంటుంది. చిన్నోడు గిన్నె పట్టుకుని నీళ్లతో ఆడుతున్నాడు.

శివాని తల పక్కకు తిప్పి, "అమా, చిన్నోడు" అంది.

తల నిలుపు అని తిప్పాను.

"అమా, చిన్నోడు" అని మళ్లీ తిరిగింది. ఈసారి నెత్తిన దువ్వెనతో ఒక్కటి వేసి తిప్పాను. ఇంక అది కదల్లేదు. చిక్కంతా తీశాను. రెండు జడలు వేశాను. రిబ్బన్లు కట్టాను. అంతసేపు, అన్నా. వదినకు చెప్పు, అంతసేపు. పిలిచాడో లేదో తెలియదు. గిన్నె పడిన చప్పుడు మాత్రం విన్నాను.

ఇదీ నువ్వు అడిగిన మాట. ఇక్కడ రాశాను. నువ్వు ఈ పుస్తకం చూడవు, నేను నోటితో చెప్పను. చెప్పలేనని ఉరుకుందలో తెలిసిపోయింది.

మిగతా సగం కూడా కత్తిరించాను. పుండ్లు అన్నీ బయటికి కనపడ్డాయి, లెక్కపెట్టలేనన్ని. మందు రాశాను. బాగా అంటింది.

వెంట్రుకలు అన్న చాపలో చుట్టి అటక మీద పెట్టాను. మొక్కుకు పనికిరావు, పారేయడానికీ చెయ్యి రాదు.

శివాని అద్దంలో అటూ ఇటూ చూసుకుంది. మెడ తడుముకుంది. అన్న తెచ్చిన గౌను వేసుకుంటానంది, వేశాను. గుండీలు పెడుతుంటే అడిగింది.

"అమా, ఇంగ మామ మనింటికి రావల్సిన పని ల్యాదు కదా?"

లేదని చెప్పాను.